విహార చెరువు మట్టి కట్టను ఎలా కనిపెట్టుకోవాలి

బోటు నడుపుకోవడానికో, గాలం వేయడానికో, సాయంత్రం పూట ఒడ్డున కూర్చోవడానికో కట్టుకున్న చిన్న చెరువుతో ఒక చిక్కు ఉంది. దాన్ని ఎవరూ డ్యామ్ అనుకోరు. సాగునీటి చెరువైతే తూము తెరవడానికో మూయడానికో ఎవరో ఒకరు కట్ట మీదికి వెళ్తూ ఉంటారు, నీటి మట్టం మీద పదిమంది కళ్లుంటాయి. విహార చెరువుకు ఆ కాపలా ఉండదు. పైగా నీళ్లు ఏడాది పొడవునా నిండుగా ఉండాలని కోరుకుంటాం. కట్ట మీద చెట్లుంటే నీడ అనుకుంటాం. అలుగుకు, అంటే నిండి ఎక్కువైన నీరు బయటికి పోయే దారికి, వల కడితే చేపలు పోవనుకుంటాం. కట్ట పైన దారి వెడల్పు చేస్తే కార్లు వస్తాయనుకుంటాం. ఈ కోరికల్లో కట్టకు మేలు చేసేది ఒక్కటీ లేదు. సరదా చెరువుల కట్టలకు మొదటి ముప్పు చాలాసార్లు ఆ సరదా నుంచే వస్తుంది.

సుమారు రెండు మీటర్ల నుంచి ఏడెనిమిది మీటర్ల ఎత్తు వరకు ఉన్న మట్టి కట్టను సొంతదారుగానో, చూసుకునే మనిషిగానో కాపాడుకోవాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్త కట్ట కట్టడం ఇంజనీరు పని, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

ముందు ఎంత నీరుందో, కింద ఎవరున్నారో చూడండి

చెరువు విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో తీసుకోండి. దాన్ని కట్ట దగ్గరి గరిష్ఠ లోతుతో, తర్వాత 0.4తో గుణించండి. చిన్న చెరువులకు ఈ ఉరామరి లెక్క సరిపోతుంది. రెండు హెక్టార్ల చెరువుకు కట్ట దగ్గర 5 మీటర్ల లోతుంటే 40,000 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే 4 కోట్ల లీటర్లు, 40 వేల టన్నుల బరువు. ఒక మట్టి దిబ్బ ఇంత బరువును రాత్రింబవళ్లు ఆపుతోందన్నది మనసులో పెట్టుకోండి.

అంతర్జాతీయ పెద్ద ఆనకట్టల సంఘం లెక్కలో సాధారణంగా 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నవే పెద్ద డ్యామ్‌లు. మీది అందులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు. కానీ అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కెల్లీ బార్న్స్ కట్ట కూడా పెద్ద డ్యామ్ ఏమీ కాదు. ఎత్తు 12 మీటర్లలోపే. ఒకప్పుడు కరెంటు తీయడానికి వాడి, ఆ తర్వాత విహారానికి వదిలేసిన చెరువది. 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక తెగింది. కింద ఒక కాలేజీ ఆవరణలో నిద్రపోతున్నవాళ్లతో సహా 39 మంది చనిపోయారు.

అందుకే మొదటి రోజు చేయాల్సిన పని కట్ట ఎక్కడం కాదు, కట్ట దిగి వాగు వెంబడి కిందికి నడవడం. వాగుకు రెండు పక్కలా ఏ ఇళ్లున్నాయి, ఎక్కడ రోడ్డు దాటుతుంది, ఎక్కడ టెంట్లు వేస్తారు, ఎక్కడ పిల్లలు ఆడతారు, అన్నీ రాసుకోండి. డ్యామ్‌లను ఎక్కువ ముప్పు, తక్కువ ముప్పు అని విడదీసేటప్పుడు చూసేది కట్ట ఎంత గట్టిగా ఉందన్నది కాదు. తెగితే ఎవరికి ఏమవుతుందన్నదే. నిక్షేపంలా ఉన్న కట్ట కూడా కింద నాలుగిళ్లుంటే ఎక్కువ ముప్పు కట్టే. కొన్నేళ్ల కిందట ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు ఇళ్లు లేచి ఉండవచ్చు, కాబట్టి ఈ నడక ఏటా ఒకసారి నడవాలి.

కట్టను కొలిచి బొమ్మ గీసుకోండి

కాగితం మీద కట్ట అడ్డుకోత బొమ్మ ఒకటి, పైనుంచి చూసినట్టు మరొకటి గీయండి. కట్ట ఎత్తు, పొడవు, పైభాగం వెడల్పు, రెండు వైపుల వాలు, అలుగు వెడల్పు, తూము పైపు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో అందులో ఉండాలి. పాత కట్టలకు డ్రాయింగులు దొరకడం అరుదు. మీరు గీసిందే రేపు వచ్చే ఇంజనీరుకు ఆధారం.

వాలు సంగతి. నీటి వైపు ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడుగు, బయటి వైపు రెండు నుంచి రెండున్నర మీటర్ల అడుగు ఉండడం చిన్న మట్టి కట్టలకు మామూలు. అంతకన్నా నిటారుగా ఉంటే వెంటనే ప్రమాదం అని కాదు, మట్టిని బట్టి ఉంటుంది. కాకపోతే జారే అవకాశం ఎక్కువ, గడ్డి కోయడం కష్టం, కోయని చోట ఏముందో కనిపించదు. పైభాగం వెడల్పుకు ఒక పాత సూత్రం ఉంది: కట్ట ఎత్తును అడుగుల్లో తీసుకుని ఐదుతో భాగించి, పది కలపండి. 20 అడుగుల కట్టకు 14 అడుగులు వస్తుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఒకటుంది. అలుగు మట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య తేడా. చిన్న కట్టలకు ఇది కనీసం ఒక మీటరు ఉంటే మంచిది. మధ్యలో ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. మట్టి కట్ట ఏళ్ల తరబడి కుంగుతుంది, ఎత్తు ఎక్కువున్న నడిమి భాగంలోనే ఎక్కువ కుంగుతుంది. దాన్ని లెక్కలో పెట్టుకునే కట్టేటప్పుడు ఎత్తులో ఐదు శాతమో, రోలర్ సరిగా తిరగని చోట పది శాతమో అదనంగా పోస్తారు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు నీళ్ల పైపు చాలు. కట్ట పొడవునా పది మీటర్లకోసారి మట్టం చూసి, అన్నిటికన్నా తక్కువ ఉన్న చోటు పట్టుకోండి. వరద వచ్చినప్పుడు నీరు ముందు పొర్లేది అక్కడే కాబట్టి మీ కట్ట అసలు ఎత్తు అదే.

అలుగు

మట్టి కట్టలు తెగిన సందర్భాల్లో ఇంచుమించు సగం నీరు పైనుంచి పొర్లడం వల్ల జరిగినవే. కాంక్రీటు గోడ మీదుగా నీరు పొర్లితే గోడ తట్టుకోవచ్చు. మట్టి కట్ట తట్టుకోదు. బయటి వాలు మీద నీటికి వేగం పెరిగి, గడ్డి ఊడి, మట్టి గుల్లయి, కోత వెనక్కి పాకుతూ పైభాగాన్ని తినేస్తుంది. ఇది జరగకుండా ఆపేది అలుగు ఒక్కటే. అందుకే నేను కట్ట చూడ్డానికి వెళ్తే ముందు అలుగు దగ్గరికే వెళ్తాను.

అలుగు మీదుగా ఎంత నీరు పోతుందో మీరే లెక్క వేయవచ్చు. వెడల్పాటి అలుగుకు సెకనుకు పోయే ఘనపు మీటర్లు ఇంచుమించు 1.7 × వెడల్పు × లోతు × లోతు వర్గమూలం. ఇక్కడ లోతంటే అలుగు మట్టం మీద నీటి ఎత్తు. 6 మీటర్ల అలుగు మీద ఒక మీటరు ఎత్తున నీరు పోతే 10.2 ఘనపు మీటర్లు. అదే అర మీటరు ఎత్తుకు 5.1 వస్తుందనుకుంటే పొరపాటు, వచ్చేది 3.6 మాత్రమే. ఎత్తు సగమైతే అలుగు సామర్థ్యం మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. కట్ట నడుమ కుంగడం, దారి కోసం పైభాగం చెక్కడం ఎంత ఖరీదైన పనులో ఈ లెక్కలో తెలుస్తుంది.

ఇప్పుడు అలుగుకు చేపల వల కట్టారనుకుందాం. ఆ వల అంటే నాకు మొదటినుంచీ పడదు. వరదలో కొట్టుకొచ్చే ఆకులు, కొమ్మలు, గుర్రపుడెక్క దానికి పట్టుకుని 6 మీటర్ల అలుగు 3 మీటర్లయిందనుకోండి. ఆ 3.6 ఘనపు మీటర్ల నీరే పోవాలంటే ఇప్పుడు అర మీటరు కాదు, దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. చెరువు అదనంగా 30 సెంటీమీటర్లు లేచినట్టు. కట్ట మీద మీకున్న మీటరు అవకాశంలో మూడో వంతు చేపలకిచ్చేశారు.

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే మట్టి కట్ట ఉండేది. కాలువకు నీళ్లివ్వడానికి కట్టారు, అవసరం తీరాక చేతులు మారింది. ఒక యజమాని కింది ఇనుప తూము పైపులు పీకి తుక్కు కింద అమ్మేశాడు. ఆ తర్వాత ధనవంతుల చేపల వేట క్లబ్బు ఒకటి దాన్ని కొన్నది. బండ్లు పోవడానికి కట్ట పైభాగం ఎత్తు తగ్గించారు. అలుగులో చేపలు పోకుండా జాలీలు పెట్టారు. కట్ట నడుమ కుంగి ఉంది. నీటిని కిందినుంచి వదలడానికి పైపుల్లేవు. 1889 మే 31న భారీ వాన పడి చెరువు లేచింది. జాలీలకు చెత్త పట్టింది. మనుషులు కట్ట మీద మట్టి ఎగదోశారు, పక్కన ఇంకో కాలువ తవ్వబోయారు, జాలీలు పీకాలని చూశారు. మధ్యాహ్నం దాటాక కట్ట తెగింది. 23 కిలోమీటర్ల కింద ఉన్న జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది. మృతులు 2,200 మందికి పైగా. ఆ క్లబ్బు చేసిన పనుల్లో ఏదీ దురుద్దేశంతో చేసింది కాదు. అన్నీ విహార చెరువు యజమానులు ఇప్పటికీ చేసే పనులే.

కాబట్టి అలుగు దగ్గర చేయాల్సినవి ఇవి. వల, జాలీ, పలకలు, ఇసుక బస్తాలు ఏమున్నా తీసేయండి. ఎండాకాలంలో ఇంకాస్త నీరు నిలుస్తుందని అలుగు మీద ఒక వరస ఇటుకలు పేర్చే అలవాటు చాలాచోట్ల ఉంటుంది. అది వానల ముందు తీయడం మర్చిపోతారు, అందుకే అసలు పెట్టకపోవడమే నయం. అలుగు ముందు నీటిలో చెట్లు, దుబ్బులు లేకుండా చూడండి. మీద వంతెన ఉంటే దాని స్తంభాలకు చెత్త చిక్కుకుంటుందేమో చూడండి. మట్టిలో తవ్విన అలుగైతే గడ్డి దట్టంగా ఉండాలి, మధ్యలో సైకిలు బాటలు పడకూడదు. నీరు కట్ట అడుగును తాకకుండా దూరంగా వెళ్లి వాగులో కలవాలి. అలుగు చివర కోత పడి గొయ్యిలా ఉంటే అది వెనక్కి పాకుతుంది, రాళ్లు పేర్చే పని వాయిదా వేయకండి. చేపలు పోతున్నాయని ఎవరైనా అంటే పోనివ్వమని చెప్పండి.

చెరువు తయారైనప్పుడున్న అలుగు ఇప్పటి వానలకు చాలుతుందా అనే ప్రశ్నకు మాత్రం ఇంజనీరే జవాబు చెప్పాలి. పైనున్న పరీవాహకంలో ఇళ్లు, రోడ్లు పెరిగితే అదే వానకు నీరు ఎక్కువగా, తొందరగా వస్తుంది.

నడిచి చూడటం ఎలా

నెలకోసారి, పెద్ద వాన వెలిసిన ప్రతిసారీ కట్టను నడిచి చూడండి. పొద్దు ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం వేళల్లో గుంతలు, ఉబ్బులు నీడలతో బాగా కనిపిస్తాయి. ఏడాదిలో ఒక్కసారే వీలయితే, గడ్డి కోసిన మర్నాడు, చెరువు నిండుగా ఉన్నప్పుడు వెళ్లండి.

పైన అటు చివర నుంచి ఇటు చివరకు ఒకసారి నడవండి. పైభాగం అంచు గీత తిన్నగా ఉందో లేదో ఒక కొస నుంచి కంటితో చూడండి. ఎక్కడైనా వంకర పోయిందంటే కింద మట్టి కదిలింది. తర్వాత బయటి వాలు మీద పైకీ కిందికీ జిగ్‌జాగ్‌గా నడవండి. ఆపైన కట్ట అడుగు వెంబడి, చివరగా కట్ట రెండు కొసలు కొండనో గట్టి నేలనో కలిసే చోట. ఆ కలిసే చోట్లు, పైపు బయటికి వచ్చే చోటు ఊటకు ఇష్టమైన దారులు, అక్కడ తొందర పడకండి. ప్రతిసారీ అవే చోట్ల నిలబడి ఫోన్‌లో ఫొటోలు తీసి, తేదీ, నీటి మట్టం రాసి పెట్టుకోండి. ఒక ఫొటో చూస్తే కొత్తగా తెలిసేది తక్కువ. రెండేళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే కట్ట ఏం చేస్తోందో తెలుస్తుంది.

పగుళ్లు కనిపిస్తే అవి ఏ దిక్కున ఉన్నాయో చూడండి. ఎండకు మట్టి బీటలిచ్చి తేనెపట్టులా కనిపించే పైపై పగుళ్లకు పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కట్టకు అడ్డంగా, నీటి వైపు నుంచి బయటి వైపుకు పోయే పగులు అలా కాదు. నీరు ఆ మట్టానికి లేచిందంటే దానికి తయారుగా ఉన్న కాలువ అది. కట్ట పొడవునా, అంచుకు సమాంతరంగా విల్లులా వంగిన పగులు ఉండి, దాని ఒక పక్క కాస్త దిగి ఉంటే వాలు జారడానికి సిద్ధమవుతోంది. పగులుకు రెండు పక్కలా మేకులు దిగ్గొట్టి మధ్య దూరం కొలిచి రాసుకోండి. వాన నీరు దిగకుండా ప్లాస్టిక్ పట్టా కప్పండి. మట్టితో పూడ్చి చదును చేసేస్తే ఇంజనీరు వచ్చేసరికి చూడడానికి ఏమీ మిగలదు.

ఊట: తేటగా ఉందా, మడ్డిగా ఉందా

ఏ మట్టి కట్టా నీటిని పూర్తిగా ఆపదు. కాస్త ఊరుతుంది, ఊరడం తప్పు కాదు. ఆ ఊట మట్టిని మోసుకొస్తోందా అన్నదే ప్రశ్న. పొర్లి తెగిన కట్టలు పోను, మిగతా సగంలో చాలావరకు తెగింది ఈ లోపలి కోత వల్లే. బయట నీరు తేలే చోట ముందు కొన్ని మట్టి రేణువులు పోతాయి. ఖాళీ ఏర్పడితే అక్కడికి నీరు ఇంకాస్త వేగంగా వస్తుంది, ఇంకాస్త మట్టి పోతుంది. అలా బయటి నుంచి చెరువు వైపుకు లోలోపల ఒక గొట్టం పడుతుంది. మన ఊళ్లలో దీన్నే బుంగ పడటం అంటారు. గొట్టం చెరువును చేరిందంటే ఇక గంటల లెక్కే. 1976 జూన్ 5న అమెరికాలోని టీటన్ డ్యామ్‌కు ఉదయం ఏడెనిమిది గంటల వేళ మడ్డి ఊట కనిపించింది. మధ్యాహ్నం 12 కొట్టకముందే అది తెగిపోయింది. 93 మీటర్ల ఎత్తున్న కొత్త డ్యామ్‌కే అంత సమయం పట్టింది. మీ కట్టకు అంత వ్యవధి కూడా ఉండకపోవచ్చు.

బయటి వాలు మీద, అడుగున చెమ్మ ఎక్కడుందో పట్టుకోండి. ఎండాకాలంలో చుట్టూ గడ్డి ఎండిపోయి ఒక్కచోట పచ్చగా ఉంటే, తుంగ మొలిస్తే, కాలు దిగబడితే అక్కడ ఊట ఉంది. ధారగా వస్తుంటే కాలువలా మళ్లించి ఒకచోట చేర్చి, బకెట్ పెట్టి టైమ్ చూడండి. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే సెకనుకు పావు లీటరు, రోజుకు 21,600 లీటర్లు. కాస్త ఎక్కువ నీరైతే రేకుకు 90 డిగ్రీల కోణంలో వి ఆకారపు గాటు పెట్టి అడ్డంగా నిలపండి. గాటు మొన మీద నీటి ఎత్తు 5 సెంటీమీటర్లుంటే సెకనుకు లీటరులో ముప్పావు వంతు, 10 సెంటీమీటర్లుంటే దాదాపు నాలుగున్నర లీటర్లు. ఎత్తు గాటు దగ్గర కాకుండా కాస్త వెనక, నీరు నిలకడగా ఉన్నచోట కొలవాలి.

అంకె ఒక్కటే రాస్తే లాభం లేదు. పక్కన చెరువు మట్టం, ముందు రోజుల్లో వాన పడిందా అన్నది కూడా రాయండి. చెరువు నిండితే ఊట పెరగడం, తగ్గితే తగ్గడం మామూలు. చెరువు మట్టం మారకుండా ఊట పెరిగితే లోపల దారి వెడల్పవుతోంది. ఉన్నట్టుండి ఊట ఆగిపోయినా సంబరపడొద్దు, అది ఇంకోచోట తేలిందేమో వెతకండి.

మడ్డి ఉందో లేదో తెలియకపోతే గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున మన్ను పేరుకుంటే ఇంజనీరును పిలవాల్సిందే. ఇంకో చిన్న పరీక్ష కట్ట మట్టికి చేయవచ్చు. శనగగింజంత మట్టి పెళ్ల తీసి, గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి నెమ్మదిగా వదలండి, కలపొద్దు. పెళ్ల విడిపోయి కుప్పలా పడితే ఫరవాలేదు. దాని చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు కమ్మి విస్తరిస్తే ఆ మట్టి నీటిలో కరిగిపోయే రకం బంకమన్ను. అలాంటి మట్టితో కట్టిన కట్టలో చిన్న పగులు కూడా త్వరగా సొరంగమవుతుంది. వాన నీటి కోతలు లోతుగా, నిలువు బొక్కల్లా పడటం కూడా ఆ మట్టి గుర్తే.

కొత్త కట్టైనా, రిపేరు చేసిన కట్టైనా మొదటిసారి నీరు నింపేటప్పుడు ప్రమాదం ఎక్కువ. నెమ్మదిగా నింపుతూ, ఆ రోజుల్లో రోజూ చూడండి. కొత్త కదా అని ధీమాగా ఉండేవాళ్లే ఎక్కువ.

చెట్లు, బొరియలు

కట్ట మీద చెట్టు వద్దు. నీడ పోతుందని బాధపడేవాళ్లకు చెప్పేదొకటే, నీడ కోసం ఒడ్డు మిగతా చుట్టూ ఉంది. చెట్టు గాలికి కూలితే వేళ్లతోపాటు పెద్ద మట్టి ముద్ద లేచి కట్టకు గొయ్యి పడుతుంది. చెట్టు చచ్చిపోతే వేళ్లు కుళ్లి, ఆ ఖాళీలే ఊటకు దారులవుతాయి. పైగా పొదల మాటున ఏం జరుగుతోందో కనిపించదు. కట్ట అడుగు నుంచి ఏడెనిమిది మీటర్ల దూరం వరకు కూడా చెట్లు లేకుండా ఉంచడం మంచిది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఉన్న పెద్ద చెట్లను ఒక్కరోజులో కొట్టేయకండి. బొటనవేలు లావు మొక్కలు పీకేయవచ్చు. పెద్ద మాను కొడితే మొద్దు, వేళ్లు లోపలే కుళ్లుతాయి. వాటిని తవ్వి తీయాలంటే చెరువు మట్టం దించి, గొయ్యిని పొరలు పొరలుగా తడిమట్టి వేసి దిమ్మిస చేయాలి, అది ఇంజనీరు చెప్పినట్టు జరగాలి. కట్టకు కావలసింది పొట్టిగా కోసిన దట్టమైన గడ్డి. కాళ్లకు అడ్డొచ్చే పూలతోటలు, తోట నీళ్ల పైపులు కట్ట మీద పెట్టకండి, పైపు కారితే అది ఊటో లీకో తేల్చలేక సతమతమవుతారు.

ఎలుకలు, పందికొక్కులు, పీతలు తవ్వే బొరియలు నీటి వైపూ బయటి వైపూ ఒకే మట్టంలో ఎదురెదురుగా ఉంటే చాలా చెడ్డది. బొరియను పైపైన మట్టితో మూయడం దండగ, లోపలి ఖాళీ అలాగే ఉంటుంది. లోపల జంతువు లేదని చూసుకుని, తవ్వి తెరిచి, పలచటి పొరలుగా మట్టి కుక్కాలి. లోతుగా ఉంటే పలచటి బంకమన్ను సిమెంటు ముద్దను పోయడం వాడుకలో ఉంది.

తూము పైపు

చిన్న కట్టల్లో ఎక్కువ బుంగలు పైపు పక్కనే పడతాయి. పైపు చుట్టూ మట్టిని రోలర్ సరిగా నొక్కలేదు, అదే కారణం. పైపు బయటికొచ్చే చోట గొట్టంలోంచి కాక గొట్టం పక్కనుంచి నీరు వస్తుంటే తీవ్రంగా తీసుకోండి. ఇనుప రేకు పైపులు తుప్పు పట్టి కొన్ని దశాబ్దాల్లో చిల్లులు పడతాయి, వాటి పైనున్న మట్టి లోపలికి జారి కట్ట మీద గుంత పడుతుంది. పైపు వరసలో కట్ట మీద కొత్త గుంత కనిపిస్తే దాన్ని పూడ్చి నడుచుకుంటూ పోకండి.

గేటును ఏడాదికి రెండుసార్లైనా పూర్తిగా తెరిచి మూయండి. కింద వాగులో మనుషుల్లేరని చూసుకుని చేయండి. వరద రోజున తెరుచుకోని గేటు ఉన్నా లేనట్టే. నీటిని కిందినుంచి దించే దారే లేని చెరువైతే ఆ లోటును ఇంజనీరుకు మొట్టమొదట చెప్పండి.

ఈతగాళ్లు, బోట్లు

విహార చెరువులో మనుషులు నీటిలోకి దిగుతారు, మామూలు చెరువుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. నీటిలో మునిగి ఉన్న తూము మూతి ప్రాణాంతకం. 30 సెంటీమీటర్ల పైపు 4 మీటర్ల లోతులో తెరిచి ఉందనుకోండి. ఒక మనిషి ఒళ్లు దాని మూతికి పూర్తిగా అడ్డం పడితే, నీరు అతన్ని దాదాపు 280 కిలోల బరువుతో అదిమి పెడుతుంది. పైనుంచి ఎంతమంది లాగినా రాడు. గేటు మూస్తేనే వదులుతుంది. అందుకని తూము మూతి చుట్టూ వెడల్పాటి కమ్మీల పంజరం ఉండాలి, పైన నీటిమీద తేలే తాడు, డబ్బాలతో హద్దు కట్టాలి. గేటు తెరిచే ముందు ఈతగాళ్లందరినీ బయటికి రప్పించాలి.

అలుగు మీద నీరు దూకుతున్నప్పుడు దాని కింద సుడి తిరిగే నీరు చూడ్డానికి మోకాలి లోతులా ఉంటుంది. పడిన మనిషిని అది పైకి తేల్చి మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. అలుగుకు ఎగువన హద్దు తాడు, దిగువన హెచ్చరిక బోర్డు, రెండు చోట్లా విసరడానికి తాడు కట్టిన లైఫ్ రింగు ఉండాలి.

మోటారు బోట్ల అలలు కట్ట నీటి వైపు వాలును తొలుస్తాయి. నీటి అంచున మెట్టులా కోత పడి ఉంటే రాతి పరుపు పలచబడిందని అర్థం. రకరకాల సైజుల గరుకు రాళ్లు, కింద చిన్న కంకర పొరతో పరిపించండి. నున్నటి ఒకే సైజు రాళ్లు అలకు జారిపోతాయి. కట్ట దగ్గర బోటు వేగం తగ్గించే హద్దు పెట్టండి. పైన కార్లు వద్దు, ముఖ్యంగా వానాకాలంలో. చక్రాల గాడుల్లో నిలిచే నీరు కట్టలోకే దిగుతుంది.

చెరువు దించాల్సి వస్తే

రిపేరుకో, పూడిక తీయడానికో నీరు వదిలేటప్పుడు గేటు బార్లా తెరిచి చెరువును ఒక్క రోజులో ఖాళీ చేయకండి. నీటి వైపు మట్టి నానిపోయి ఉంటుంది. చెరువు మట్టం పడినంత వేగంగా దాని లోపలి నీరు బయటికి రాదు. ఆనిక పోయి, బరువు మిగిలి, వాలు చెరువులోకి జారుతుంది. రోజుకు 15 నుంచి 30 సెంటీమీటర్లు మామూలుగా పాటించే హద్దు. కట్ట తెగేలా ఉన్న అత్యవసరంలో ఈ హద్దు వర్తించదు, అప్పుడు వాలు జారినా నీరు దించడమే మేలు.

ఆపద వచ్చిన రోజు

ముందు మనుషులు, తర్వాతే కట్ట. మడ్డి ఊట పెరుగుతున్నా, నీటిలో సుడి తిరుగుతున్నా, నీరు పైభాగానికి చేరువైనా మొదటి ఫోన్ కింద ఇళ్లవాళ్లకు, అత్యవసర సేవలకు. నిజమో కాదో చూసి చెబుదామని ఆగకండి. తప్పుడు హెచ్చరికకు తిట్లు పడతాయి, అంతే.

తర్వాత గేటు తెరవండి, అలుగుకు అడ్డున్నవి వీలైతే గట్టు మీద నిలబడే లాగండి. అలుగు నీటిలోకి దిగొద్దు. నీరు పొర్లే సూచన ఉంటే తక్కువగా ఉన్న చోట ఇసుక బస్తాల వరస పేర్చండి. పొర్లడం మొదలైతే మాత్రం ఎవరూ కట్ట మీద ఉండకూడదు. ఒత్తిడి తగ్గుతుందని కట్టకు మీరే గండి కొట్టకండి, మట్టిలో తవ్విన చిన్న కాలువను నీరు ఎంత వెడల్పు చేయాలనుకుంటే అంత చేస్తుంది.

అడుగున నీరు ఉబికి ఇసుక బుడగలు వస్తుంటే ఆ బొక్కను మూయాలనిపిస్తుంది. మూయొద్దు. మూస్తే పక్కన ఇంకోచోట పగిలి వస్తుంది. చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చి లోపల నీరు నిలవనివ్వండి. మట్టం లేచే కొద్దీ ఉబికే వేగం తగ్గుతుంది. ఇసుక రావడం ఆగి తేట నీరు వచ్చేదాకా ఎత్తు పెంచి, అక్కడ ఒక పైపుతో నీటిని పక్కకు పోనివ్వండి. బస్తాలు తక్కువైతే ముందు ముతక ఇసుక, మీద కంకర పోయండి. అవి నీటిని వదిలి మట్టిని ఆపుతాయి. బంకమన్ను మాత్రం అక్కడ వేయకూడదు. అది వేయాల్సింది చెరువు వైపు, నీరు కట్టలోకి దూరుతూ సుడి కనిపించే చోట. అక్కడైతే గడ్డి మోపులు, పట్టాలు, మట్టి ఏది దొరికితే అది వేయవచ్చు, ఒడ్డు నుంచి మాత్రమే.

ఈ పనులన్నీ రాత్రి, వానలో, కరెంటు పోయినప్పుడు చేయాల్సి వస్తాయి. కాబట్టి రెండొందల బస్తాలు, ఇసుక, కంకర కుప్పలు, పారలు, టార్చిలైట్లు, గేటు తిప్పే చెయ్యి, అన్నీ కట్టకు దూరంగా పొడి చోట పెట్టుకోండి. కింద ఇళ్లవాళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి అక్కడే అంటించండి. వానాకాలం ముందు ఆ నంబర్లన్నిటికీ ఒకసారి ఫోన్ చేసి ఇంకా పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, ఏ దారిన ఏ ఎత్తు చోటికి వెళ్లాలో వాళ్లకు అప్పుడే చెప్పి ఉంచండి.